నాలుగో జాడీలో భయం

లాకులపాలెం శాఖా గ్రంథాలయంలో పుస్తకం తీసుకెళ్లినవాళ్లు, పదిహేను రోజుల్లోగా పుస్తకంతోపాటు అది చదివినప్పుడు కలిగిన భయాన్ని కూడా తిరిగి అప్పజెప్పాలి. పుస్తకం ఒకటే, దాని భయమూ ఒకటే. ముందు చదివినవాడు భయాన్ని ఇంట్లోనే ఉంచేసుకుంటే, తర్వాతవాడికి మిగిలేవి ఉత్త కాగితాలు. ఈ సంగతి ఊళ్లో చిన్నా పెద్దా అందరికీ తెలుసు గనక ఎవరూ దీన్ని వింతగా చూడరు.

భయాల్ని పచ్చడి జాడీల్లో దాస్తారు. మూతికి తెల్ల గుడ్డతో వాసెన కట్టి, దాని మీద పుస్తకం నంబరు రాస్తారు. ఆవకాయకి ఎంత మడో దీనికీ అంతే. తడిచెయ్యి తగిలితే బూజు పడుతుంది. బూజు పట్టిన భయం అనుమానంగా మారుతుంది. ఒకసారి అలాంటి జాడీ చూసుకోకుండా ఇచ్చేస్తే, పుచ్చుకున్న ఇంట్లో మూడు నెలలపాటు మొగుడూ పెళ్లాం ఒకరి కాఫీ ఒకరు వాసన చూసుకుని తాగారు. అప్పట్నుంచి గ్రంథపాలకురాలు విశాలాక్షి మేడం కౌంటరు పక్కన ఒక పొడి తువ్వాలు వేలాడదీసి ఉంచుతున్నారు.

డిటెక్టివు నవలల్లో భయం తక్కువ, ఆశ్చర్యం ఎక్కువ. అది తేలిక సరుకు. చివరి రెండు పేజీల దగ్గర భగ్గుమని వెలిగి ఆరిపోతుంది. అందుకని అగ్గిపెట్టెల్లో పెడతారు. వాటితో వచ్చిన చిక్కల్లా ఊరి అలవాటే. చదివినవాడికి కడుపులో మాట దాగదు. జమీందారు బంగళాలో పాయసంలో విషం కలిపింది ఎవరో తెలియగానే, వెనక్కి మొదటి పేజీకి వెళ్లి, పెన్సిలుతో 'డాక్టరే' అని రాసి, కింద గీత కూడా గీసి ఇస్తాడు. ఆ తర్వాత చదివేవాడి చేతిలో పుల్ల వెలగదు. అలా చచ్చిపోయిన ఆశ్చర్యాలకి ప్రతి మార్చిలోనూ పంచనామా చేసి రిజిస్టరులోంచి కొట్టేస్తారు.

చదివినవాళ్లు తమకి ఎలా అనిపించిందో రాయడానికి అభిప్రాయాల పుస్తకం ఒకటి ఉంది. అందులో 'గుర్రాలు బాగున్నాయి', 'షెరీఫుని చంపకుండా ఉండాల్సింది', 'దయ్యం తెలుగు బాగా మాట్లాడింది' వంటివి రాసి సంతకాలు చేస్తారు. రాసినవాళ్లందరూ చివర్న కృతజ్ఞతలు అని రాస్తారు. లాకులపాలెం కృతజ్ఞత తెలిసిన ఊరు.

కొల్లాటి ముత్యాలు ఆ గ్రంథాలయంలో సభ్యుడు కావడం ఉద్యోగం విరమించాకే. అంతకుముందు ముప్పై నాలుగేళ్లు కాలవల శాఖలో లస్కరుగా చేశాడు. లాకు తలుపులు ఎత్తడం, దించడం, నీటిమట్టం పలక మీద రాయడం అతని పని. కాగితం మీద లేని పని ఇంకొకటి ఉంది. ఎగువన గట్టు మీంచి కాలవలో పడ్డవాళ్లు కొట్టుకొచ్చి లాకు దగ్గర ఆగుతారు. వాళ్లను కొక్కెం కర్రతో ఒడ్డుకి లాగాలి. గట్టు మీద రోడ్డు ఉంది, బడి ఉంది, సంత ఉంది, రెయిలింగు లేదు. రెయిలింగు కోసం ముత్యాలే ఏటా ఒక అర్జీ పెట్టేవాడు. దానికి ఏటా ఒక రసీదు వచ్చేది. ముత్యాలు మనుషుల్ని లాగేవాడు, లుంగీ పిండుకునేవాడు, ఇంటికెళ్లి అన్నం తినేవాడు. అతనికి గుండె ఉండాల్సిన చోట లాకు తలుపు ఉందని ఊళ్లో అనుకునేవాళ్లు, మెచ్చుకోలుగానే.

పదకొండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం లాకు దగ్గరికి అబ్బులు వచ్చి ఆగాడు. అబ్బులు ముత్యాలు కొడుకు. ఒక్కడే. పందొమ్మిదేళ్లు. సైకిలుతో సహా పడ్డాడు. ముత్యాలు అందర్నీ లాగినట్టే లాగాడు. మళ్లీ దిగి సైకిలు కూడా తీశాడు. పలక మీద ఆ పూట నీటిమట్టం రాసి ఇంటికొచ్చాడు. కన్ను తడవలేదు. చెయ్యి వణకలేదు. ఆ రోజు నుంచి అతని భార్య నూకరత్నం అతన్ని మావా అని పిలవడం మానేసింది. అన్నం పెట్టాను, పాలబ్బాయి వచ్చాడు, గొడుగు అక్కడుంది, ఇంతే. పిలుపు లేకుండా మాట్లాడేది, గోడతో చెప్పినట్టు.

ఉద్యోగం అయిపోయాక ఏం తోచక ముత్యాలు గ్రంథాలయానికి వెళ్లాడు. చదివింది మూడో తరగతి. పేజీ మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతాడు. విశాలాక్షి మేడం ఆలోచించి, నాలుగు వందల పన్నెండో నంబరు కౌబాయి నవల, దాని భయం దాచిన నాలుగో జాడీ ఇచ్చారు. అట్ట ఎప్పుడో ఊడిపోయింది కాబట్టి ఆ నవల పేరు ఎవరికీ తెలియదు. భయం నాలుగు వందల గ్రాములని చీటీ మీద ఉంది.

అందులో కథ వాన కురవని ఒక ఊరిది. చచ్చిపోయిన రౌతులు గుర్రాల మీద మిట్టమధ్యాహ్నం ఆ ఊళ్లోకి వస్తారు. బావి దగ్గర దిగి, షెరీఫుని పేరు పెట్టి పిలిచి నీళ్లడుగుతారు. షెరీఫంటే అక్కడి ఎస్సై. ఆయన బావిలో చేద వేస్తాడు. నూట పన్నెండో పేజీలో చేద పైకి లాగుతాడు. చేద నీళ్లకన్నా బరువుగా ఉంటుంది.

ఆ బరువు ముత్యాలుకి తెలుసు. మధ్యాహ్నం మూడింటికి, వీధరుగు మీద, వేలు ఆ అక్షరాల మీద ఉండగానే వణుకు మొదలైంది. ముందు వేలు, తర్వాత చెయ్యి, తర్వాత అరుగు మీద పెట్టిన గ్లాసులో మజ్జిగ. గ్లాసు చప్పుడుకి నూకరత్నం వంటింట్లోంచి వచ్చింది. నలభై ఏళ్ల కాపరంలో ఆమె అతను వణకడం చూడలేదు.

“ఏంటి మావా?” అంది.

“నీళ్లంటే భయమేత్తందే రత్నం,” అన్నాడు ముత్యాలు.

ఆమె పక్కన కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది. వాళ్లిద్దరూ ఆ పూట అబ్బులు పేరు ఎన్నిసార్లు అనుకున్నారో, ఏం మాట్లాడుకున్నారో వీధిలోవాళ్లెవరూ వినలేదు. పొయ్యి మీద అన్నం మాడిన వాసన మాత్రం అందరికీ వచ్చింది.

ఆ తర్వాత రోజూ మూడింటికి ముత్యాలు అరుగు మీద కూర్చుని ఆ పేజీ తీసేవాడు. నూకరత్నం పనులు ముందే ముగించుకుని వచ్చి కూర్చునేది. పెసరట్టు వేస్తే అతనికి నచ్చినట్టు అల్లం ఎక్కువ వేసేది. పదకొండేళ్లుగా పెట్టెలో ఉన్న అబ్బులు చొక్కాలు తీసి ఎండలో ఆరేసింది. ముత్యాలు పుస్తకాన్ని కళ్లకద్దుకుని మూసేవాడు. రాసినవాడెవరో, వాడి కడుపు చల్లగా ఉండాలని అనుకునేవాడు.

పదిహేను రోజులూ అయిపోయాయి. అతను గడువు ఒకసారి పెంచుకున్నాడు, ఇంకోసారి పెంచుకున్నాడు. మూడోసారి మేడం, ఆ పుస్తకం కోసం పంతొమ్మిది మంది ఎదురుచూస్తున్నారని, ఇక కుదరదని చెప్పారు. ముత్యాలు పుస్తకం ఒక్కటే ఇచ్చి, జాడీ ఖాళీగా బల్ల మీద పెట్టి వచ్చేశాడు. రెండు నోటీసులు వచ్చాయి. భయం అప్పజెప్పని సభ్యుడి ఇంటికి అధికారి స్వయంగా వెళ్లి వసూలు చేయవచ్చని మూడో నోటీసులో రాసి ఉంది.

విశాలాక్షి మేడం ఒక మంగళవారం నాలుగో జాడీ, కాటా, పొడి తువ్వాలు పట్టుకుని వచ్చారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. గుమ్మంలోనే చెప్పులు విడిచి, కుర్చీ అంచున కూర్చుని, ఇందులో తన సొంతం ఏమీ లేదని ముందే చెప్పుకున్నారు. పద్ధతి ప్రకారం ముత్యాలు చేతులు తుడిపించి జాడీ మూతి మీద పెట్టించారు. భయపెట్టిన పేజీ చెప్పమన్నారు. చెప్పగానే చల్లదనం వేళ్లలోంచి జాడీలోకి దిగడం మొదలైంది. మేడం కాటా ముల్లు చూస్తున్నారు. అది నాలుగు వందల దగ్గర ఆగలేదు. కిలో దాటింది. రెండు కిలోల మూడు వందల దగ్గర జాడీ నిండి పొర్లేలా ఉంటే ఆవిడే గబుక్కున అతని చేతులు తీయించారు. తీయగానే జాడీలోది మళ్లీ అతని వేళ్లకి ఎగబాకి లోపలికి పోయింది.

మేడం నిబంధనల పుస్తకం తిరగేశారు. తరుగు వస్తే ఏం చేయాలో ఉంది. పెరిగితే ఏం చేయాలో లేదు. ముప్పై నాలుగేళ్లపాటు ముత్యాలుకి రావాల్సిన భయమంతా ఎక్కడో పేరుకుని ఉండి, గ్రంథాలయం వారి నాలుగు వందల గ్రాములు తగలగానే ఒక్కటైపోయింది. ఏది ప్రభుత్వానిదో ఏది మనిషిదో విడదీసే సాధనం శాఖలో లేదు. విడదీయలేనప్పుడు మొత్తం జప్తు చేయడమే మార్గమని, ఇంకో రెండు జాడీలు తెప్పిస్తానని మేడం నెమ్మదిగా చెప్పారు. మొత్తం తీసేస్తే ముత్యాలు ఎలా ఉంటాడని నూకరత్నం అడిగింది. ఇదివరకు ఎలా ఉన్నారో అలాగే ఉంటారని మేడం ధైర్యం చెప్పారు.

నూకరత్నం లోపలికి వెళ్లి పెరుగు గిన్నె తెచ్చి మేడం ముందు పెట్టింది.

“మేడంగారండి, మరోలా అనుకోకండి. మీ ఇంట్లో పాలు తోడెయ్యడానికి పెరుగు లేకపోతే ఏం చేత్తారండి?”

పక్కింట్లో అడుగుతానని మేడం అన్నారు.

“ఆయ్. ఓ చెంచాడు తెచ్చుకుంటారు. తెల్లారేసరికి గిన్నెడవుద్ది. ఆవిడొచ్చి నా చెంచాడు నాకియ్యి, ఏది నాదో తెలవట్లేదు గాబట్టి గిన్నె మొత్తం నాదేనంటే ఊరుకుంటారా అండి? మీ గిన్నెలోంచే ఓ చెంచాడు ఇచ్చేత్తారు. అది ఆవిడ పెరుగేనా అని ఎవురూ అడగరు. తీసుకెళ్లండి, మీ నాలుగొందలూ. మిగతాది మాది.”

మేడం గిన్నె వంక చూశారు. ఆ ఉదయమే ఆవిడ ఎదురింటివారికి ఒక చెంచా పెరుగు తిరిగిచ్చి వచ్చారు. కలం తీసి, రిమార్కుల గడిలో 'తోడు పద్ధతిన జమ చేసుకోవడమైనది' అని రాశారు. జాడీలోకి నాలుగు వందల గ్రాములు వంపుకుని, వాసెన కట్టి, నూకరత్నం పెట్టిన రెండు వడియాలు తిని, వెళ్లొస్తానని లేచారు. ముత్యాలు ఆవిడ వెనక వీధి చివరిదాకా వెళ్లి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

నాలుగో జాడీ మర్నాడు దర్జీ గొలగాని అప్పన్నకి ఇచ్చారు. అతను నవల చదివి తిరిగి ఇచ్చేటప్పుడు ముఖం పాలిపోయి ఉంది. అభిప్రాయాల పుస్తకంలో 'నవల చాలా బాగుంది. కాలవ గట్టుకి రెయిలింగు వేయించగలరు. కృతజ్ఞతలు' అని రాశాడు. తర్వాత చదివిన టీచరమ్మ, నవలలోని గుర్రాలు తనని ఏమీ చేయలేదని, నూట పన్నెండో పేజీ దగ్గర మాత్రం లేచి వెళ్లి పిల్లల్ని బడినుంచి చెయ్యి పట్టుకుని తెచ్చుకున్నానని రాసింది. కింద రెయిలింగు సంగతీ రాసింది. పంతొమ్మిది మందీ అదే రాశారు.

ఆ తోడు డిటెక్టివు అగ్గిపెట్టెలకి కూడా తగిలినట్టుంది. జమీందారు బంగళా నవల చదివినవాళ్లు మొదటి పేజీలో 'డాక్టరే' అన్న మాట కొట్టేసి, పెన్సిలుతో 'గట్టు' అని రాయసాగారు. బ్యాంకు క్యాషియరు అభిప్రాయం ఇంకాస్త వివరంగా ఉంది: 'హంతకుడు ఎవరో మొదటి నుంచీ తెలుస్తూనే ఉంది. ముప్పై ఏళ్లుగా అందరం చూస్తూనే ఉన్నాం. కాబట్టి ఆశ్చర్యం ఏమీ కలగలేదు. కృతజ్ఞతలు.'

ఈ అభిప్రాయాలన్నీ పద్ధతి ప్రకారం పైకి వెళ్లాయి. పై కార్యాలయం వారు నవలలో రెయిలింగు లేకపోవడం రచయిత లోపమని భావించి కొన్నాళ్లు ఉత్తరాలు నడిపారు. ఆ నవలలో ఉన్నది బావి అని, కాలవ కాదని తేలాక, ఫైలు కాలవల శాఖకి చేరింది. ఈలోగా ఒక విషయం అందరూ గమనించారు. జాడీ తిరిగిన ఇళ్లవాళ్లు గట్టు మీద అంచుకి రాకుండా రోడ్డుకి ఆ పక్కనే నడుస్తున్నారు. సైకిలు దిగి నడిపించుకుంటున్నారు. ఆ ఆరు నెలల్లో లాకు దగ్గర ఎవరూ ఆగలేదు.

కాలవల శాఖ ఇంజనీరు గారు జీపులో ముత్యాలు ఇంటికి వచ్చారు. ఆయనతో మేడం కూడా వచ్చారు. ఇంజనీరు గారు ముందుగా శాఖ తరఫున ముత్యాలుకి శాలువా కప్పారు. తర్వాత ఉత్తర్వు చదివి, మామూలు మాటల్లో విడమరిచారు. రెయిలింగు వేస్తే జనానికి భయం తగ్గుతుంది. భయం తగ్గితే జాగ్రత్త తగ్గుతుంది. జాగ్రత్త తగ్గితే మనుషులు పడతారు. కనుక ప్రజల భద్రత దృష్ట్యా రెయిలింగు వేయకూడదని నిర్ణయమైంది. దాని బదులు గట్టు పక్కనున్న ప్రతి సభ్యుడికీ నెలకి ఒక చెంచా భయం గ్రంథాలయం ద్వారా ఇస్తారు. భయం ముత్యాలుది. తోడు పెట్టడం నూకరత్నం చెప్పిన పద్ధతి. ముత్యాలుని జీవితాంతం నిల్వదారుగా నియమిస్తున్నారు. అతని దగ్గరున్న భయం ఇక మీదట ఎవరూ జప్తు చేయడానికి వీల్లేదు. అతను చేయాల్సిందల్లా రెయిలింగు అర్జీలన్నీ వెనక్కి తీసుకుంటున్నట్టు ఒక సంతకం.

“పెట్టకపోతేనండి?” అని అడిగాడు ముత్యాలు.

పెట్టకపోతే పాత జప్తు పద్ధతే వర్తిస్తుందని మేడం తల దించుకుని చెప్పారు. జాడీలు జీపులో ఉన్నాయి.

ముత్యాలు కాగితం మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుని మొత్తం చదివాడు. చాలాసేపు పట్టింది. ఇంజనీరు గారు ఓపిగ్గా కూర్చున్నారు. అర్జీల తేదీలన్నీ వరసగా ఉన్నాయి. అబ్బులు పోయిన ఏటి తేదీ దగ్గర వేలు ఆగి వణికింది. నూకరత్నం ఆ చెయ్యి పట్టుకుంది.

“పెట్టు మావా,” అంది. “రెయిలింగేసినా ఆడు రాడు. నువ్వు మళ్లీ రాయైపోతే నేనెవురితో మాట్టాడాల?”

“రేపు ఇంకోళ్ల అబ్బులు పడితేనే?”

“ఇంకోళ్ల అబ్బులికి ఇంకోళ్లున్నారు.”

అని, ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అన్నట్టు ఆమె కాసేపు ఎటో చూసింది. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుని కలం మూత తీసి ఇచ్చింది. ముత్యాలు సంతకం పెట్టాడు. వణుకుతో అక్షరాలు వంకరపోయాయి. అదే అసలైన సంతకమని ఇంజనీరు గారు మెచ్చుకున్నారు.

ఇప్పుడు నెల మొదటి సోమవారం గ్రంథాలయం ముందు వరస కడతారు. మేడం పొడి చెంచాతో అరచేతిలో వేస్తారు. జనం కళ్లకద్దుకుని పుచ్చుకుంటారు. ముత్యాలు వీధిలో కనబడితే సైకిలు దిగి నమస్కారం చేస్తారు. ఎవరో మునక్కాడలు ఇచ్చి పోతారు, ఎవరో పనసతొనలు పంపిస్తారు. మీ భయం పుణ్యాన మా పిల్లలు ఇల్లు చేరుతున్నారని టీచరమ్మ పండగకి నూకరత్నానికి చీర పెట్టింది. మధ్యాహ్నం మూడింటికి మొగుడూ పెళ్లాం అరుగు మీద కూర్చుంటారు. అతను వణుకుతాడు. ఆమె చెయ్యి పట్టుకుంటుంది. ఇంతకన్నా ఏం కావాలని ఇద్దరూ అనుకుంటారు.

ఆ ఏడాది నివేదికలో కాలవల శాఖవారు లాకులపాలెం పద్ధతిని మిగతా కాలవలకీ విస్తరించవచ్చని రాశారు. ఏడాది మొత్తం మీద గట్టు మీంచి పడ్డవాళ్లు ఇద్దరే. ఒకడు కోతలకి పొరుగూరి నుంచి వచ్చిన కూలీ. రెండోది ఐదేళ్ల పిల్ల, ఇంకా అక్షరాలు దిద్దలేదు. కబురు వచ్చిన రెండుసార్లూ ఊరంతా గట్టు మీదికి పరిగెత్తి, విశాలాక్షి మేడం రిజిస్టరు తిరగేస్తుంటే ఊపిరి బిగబట్టి నిలబడింది. ఇద్దరికీ సభ్యత్వం లేదని ఆవిడ చెప్పారు. అమ్మయ్య అనుకుని అందరూ, కాలవకి దూరంగా, రోడ్డుకి ఆ పక్కనే నడుస్తూ ఇళ్లకి వెళ్లిపోయారు.